నుదురున్న ఫోను

మొన్న ఏకాదశికి కొబ్బరికాయలు కొందామని తొర్రూరు బస్టాండు పక్కన బండి దగ్గర నిలబడ్డాను. నా ముందున్న పెద్దమనిషి ఒక కాయను ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. కాయలమ్మే ఆమె "ఎన్ని గావాలె అన్నా?" అని అడుగుతూనే ఉంది, నేను ఆ పెద్దమనిషినే చూస్తూ ఉన్నాను.

అలా కళ్ళు మూసుకుని వినే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన వాడిన ఫోను నా హార్మోనియం పెట్టెలో ఉంది.

మా భజన మందిరంలో ఏ కీర్తన అయినా ముందు ఎత్తుకునేది ఆయనే. నేను హార్మోనియం పట్టుకుంటాను, పురాణం చదువుతాను. అక్షరాలు దిద్దింది బడిలోనే అయినా నాకు చదువంటే మందిరంలో వచ్చినదే. చిన్నప్పటి నుంచి ఆ అరుగు మీద కూర్చుని విన్నదే నాలో ఉంది. అందరిలాగే నేనూ ఆయన్ని బాపు అనేవాణ్ణి. ఆయన పుట్టింది జఫర్‌గఢ్ దగ్గరి పల్లెలో. వయసంతా భూపాలపల్లి బొగ్గు బాయిల్లో, అదే గనుల్లో, గడిచింది. పని మానుకున్నాక తొర్రూరు వచ్చి, మందిరం వెనక గదిలో ఆయనా, ఆయన భార్య అవ్వా కాపురం పెట్టారు.

బాయిలో దిగిన మనిషి మొదట చేసే పని, ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి వినడమట. గట్టి కప్పు ఖంగుమంటుంది. ఊడిపడబోయేది డొల్లగా పలుకుతుంది. ఆ శబ్దం వింటూ బతికినవాడు కనుక బయటికి వచ్చాక కూడా దేన్నీ కొట్టి చూడకుండా నమ్మేవాడు కాదు. కుండను కొట్టేవాడు, కొత్త తాళాలను కొట్టేవాడు, మేము చందాలు వేసుకుని తెచ్చిన స్పీకరు డబ్బాను కొట్టేవాడు. ఒకసారి నాకు దగ్గు పట్టి వదలకపోతే నన్ను ముందుకు వంగమని నా వీపు మీద కూడా కణుపుతో కొట్టి విన్నాడు.

"డొల్ల లేదు తమ్మీ. కషాయం తాగు, పోతది."

పోయింది కూడా. కషాయంతోనో, ఆయన మాటతోనో.

ఆయన పాటల్లో మాకందరికీ ఇష్టమైనది మేలుకొలుపు. దేవుణ్ణి నిద్ర లేపే పాట. ఆ పాట ఆయనకు మందిరంలో మొదలు కాలేదు. బాయి పనికి పోయే రోజుల్లో తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ఇంట్లో పటం ముందు పాడేవాడట. అవ్వ అప్పటికే వాకిలి ఊడ్చి గడప మీద కూర్చుని వినేది. పాట అయిపోగానే చీపురు పక్కన పెట్టి ఒకటే మాట అనేది. "పొద్దు పొడిచింది, ఇగ పో." భూమిలోకి దిగే మనిషి పొద్దును చూసి దిగాలని ఆమె పట్టుదల. చలికాలంలో మొదటి షిఫ్టు అయితే బయటంతా చీకటే. అయినా ఆ మాట అనేది. "కనిపిస్తలేదు గదనే" అని ఈయన అంటే, "నాకు కనిపిస్తుంది, నువ్వు పో" అనేదట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు బాపు ఆమె గొంతును పట్టుకుని చెప్పేవాడు. అవ్వ లోపలి నుంచి వినీ విననట్టు, "ఇగ సాలు తియ్యి నీ కతలు" అని కసిరేది.

అటువంటి ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. బాయి కంపెనీ దవాఖానలో చూపించుకోవడానికి వీలుగా ఉంటుందని భూపాలపల్లిలో ఉన్న బిడ్డ ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. బాపు అక్కడ ఉండలేడు. ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము ఆయన రొమ్ములో ఉంది. ఆ ఊరి గాలి తగిలితే దగ్గు తెరలు తెరలుగా లేచేది. ఆ దగ్గుకు ఆమె నిద్ర చెడేది. అందుకని వారానికోసారి బస్సెక్కి, హనుమకొండలో మారి, పోయి చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు.

ఒకరోజు ఆయన దగ్గరున్న గుండీల ఫోనుకు బిడ్డ ఫోను చేసింది. మేమందరం మందిరంలోనే ఉన్నాం.

"నాయినా, అమ్మ పొద్దుగాల లేవంగనే దర్వాజ దిక్కు చూస్తది. నువ్వు ఇంకా పాడుతలేవేంది అన్నట్టు చూస్తది. నోట్ల ముద్ద పెట్టనిస్తలేదు. పగటికిగాని నాలుగు మెతుకులు పోతలేవు. ఎట్ల బతుకుతది?"

మరునాడు బాపు ఫోనులోనే పాడాడు. అది ఇంకా పెద్ద కష్టమైంది. మనిషి లేకుండా గొంతు వినిపించేసరికి అవ్వ మంచం చుట్టూ వెతికి, కనిపించక ఏడ్చిందట. గొంతుతో పాటు మనిషీ కనబడాలి, అంటే వీడియో కాల్ వచ్చే ఫోను కావాలి.

"కొత్తది తీసుకుందాం బాపు" అన్నాను.

"నాకా? కొత్తదా? నేను పోయినంక దాని ఆయుష్షు మిగిలితే ఎవలకు ఇచ్చిపోవాలె? గా పైసలు మీ అవ్వకు మాలిష్ చేసే ఆమెకు ఇస్త. పాతది చూడు."

ఇద్దరం పాత ఫోన్లు అమ్మే దుకాణానికి పోయాం. దుకాణం అతను ఒక ఫోను తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు.

"ఇది సెకండ్ హ్యాండ్ గాదు బాపు, రీఫర్బిష్డ్."

"గదేంది?"

"పాతదే. గాని విప్పి, సాఫ్ చేసి, బ్యాటరీ కొత్తది ఏసిండ్రు. ఆర్నెల్లు గ్యారంటీ."

"కాయకల్పం అయిందన్నట్టు" అని బాపు నావైపు చూసి నవ్వాడు. తర్వాత ఫోనును చేతిలోకి తీసుకుని వెనకవైపు కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అయ్యో బాపూ, గది కుండ గాదు!"

"ఎరుకే. గట్టిగనే ఉంది. మునుపు ఎవలు వాడిండ్రు?"

"ఎవలో ఏమెరుక? హైదరాబాద్ నుంచి వస్తయి. లోపల మొత్తం తుడిచేసిండ్రు. ఒక్క ఫోటో లేదు, ఒక్క నంబరు లేదు."

"మొత్తం తుడిచిండ్రా?" బాపు ఆ ఫోను వైపు అసూయగా చూశాడు. "మనల్ని గూడ గట్ల తుడిచేటోడు దొరికితే ఎంత మంచిగుండు! ఎన్ని జన్మల చెత్తనో మోసుకుంట తిరుగుతున్నం."

దుకాణం అతను ఫోనును తుడిచి డబ్బాలో పెట్టబోయాడు. "మోడల్ పాతది బాపు, ముందుగల్లనే చెప్తున్న. రెండేండ్లు పోతే గీ వీడియో కాల్ దీంట్ల నడువకపోవచ్చు" అన్నాడు.

"రెండేండ్లా? నాకంటే ఎక్కువనే నడుస్తది. ఇయ్యి."

మందిరానికి వచ్చేసరికి మద్దెల వాయించే మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఎవరు ఏది కొన్నా వంక పెట్టకపోతే ఆయనకు అన్నం సయించదు.

"పింఛను తీసుకుంట పాత ఫోను కొంటవా బాపు? పొయ్యేటప్పుడు పైసలు మూట గట్టుకపోతవా ఏంది?"

"నువ్వు వాయించే మద్దెల మీ తాత వాయించిందే గదనోయ్."

"మద్దెల వేరు, ఫోను వేరు."

"సరే, నీ లోపలున్న పాణం కొత్తదా? ఎన్ని ఒంట్లల్ల ఉండి వచ్చిందో, ఎవలెవలు వాడిండ్రో. గది గూడ సెకండ్ హ్యాండే. అయినా నువ్వు దాన్ని పారేస్తలేవు."

నేను ఎన్నో ఏళ్ళుగా మందిరంలో జన్మల గురించి, దేహాల గురించి చదివి వినిపించాను. మామ ఒక్కసారి కూడా మద్దెల మీంచి తల ఎత్తలేదు. ఆ రోజు మాత్రం తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు.

మా దిక్కు ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా బొట్టు పెట్టకుండా వాడరు. కుట్టు మిషనైనా, బావి మోటారైనా, బీరువా అయినా. ఎవరో వాడి వదిలిన వస్తువైతే మరీ ముఖ్యం. "ఎవలెవల మాటలు మోసిందో, ఎన్ని తిట్లు విన్నదో పాపం" అంటూ బాపు ఫోనును పళ్ళెంలో పెట్టి మందిరంలోని హనుమంతుడి ముందు ఉంచాడు. కొబ్బరికాయ కొట్టాడు. కుంకుమలో నువ్వుల నూనె చుక్క వేసి ఉంగరపు వేలితో రంగరించాడు. అప్పుడొక సందేహం వచ్చింది.

"తమ్మీ, ఫోనుకు నుదురు ఏది?"

పాత మోడల్ కదా, తెర పైభాగాన వెడల్పుగా నల్లటి పట్టీ ఉంది. మామ ముందుకు వంగి వేలితో చూపించాడు. "గిదే గద నుదురు, బోడగున్నది." బాపు ఆ పట్టీ నడిమధ్యన బొట్టు పెట్టి, మూడుసార్లు దండం పెట్టాడు. అందరం పెట్టాం.

మరునాడు పొద్దున హార్మోనియం పెట్టెకు ఫోను ఆనించి, నేనే కాల్ కలిపాను. తెర మీద మంచం, దిండుకు ఆనుకుని అవ్వ, పక్కన బిడ్డ. బాపు వాళ్ళను చూసి చేతులెత్తి మొక్కాడు. అటు నుంచి బిడ్డ గొంతు వచ్చింది.

"నాయినా, గిదేంది? అంత ఎర్రగ కొడుతుంది. నువ్వు కనిపిస్తలేవు. ఏదో నల్లగ కదులుతుంది గంతే."

"నే జెప్పలే?" అన్నాడు మామ. "పాతది పాతదే."

నేను అటు నొక్కి ఇటు నొక్కి చూశాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనియ్ తమ్మీ. ముందుగాల పాట కానియ్." కళ్ళు మూసుకుని మేలుకొలుపు ఎత్తుకున్నాడు. దగ్గు అడ్డం వచ్చిన చోట ఆగి, మింగి, మళ్ళీ అందుకున్నాడు. చివరి చరణం అయిపోయింది. అటువైపు అవ్వ తెర వైపే చూస్తోంది. పెదవులు వంకరగా కదిలాయి.

"పొద్దు" అంది.

ఫోను బిడ్డ చేతిలోంచి జారి మంచం మీద పడినట్టుంది, మాకు ఇంటి పైకప్పు కనిపించింది. "నాయినా, అమ్మ మాట్లాడింది! నాయినా, ఇన్నవా?" అని అరుస్తోంది. బాపు కళ్ళు తెరవలేదు. ఆ పూట అవ్వ పొద్దున్నే ముద్ద తిన్నది.

అయినా ఫోను చెడిపోయిందనే అనుకుని దుకాణానికి తీసుకుపోయాం. దుకాణం అతను ఫోనును చూసి, మా ముఖాలు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "కెమెరాకు బొట్టు పెట్టిండ్రు బాపు! గీ సన్న కన్ను కనపడలేదా?" అని గుడ్డతో తుడిచి ఇచ్చాడు. మేమూ నవ్వాం. బాపు అందరికంటే ఎక్కువ నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

మరునాడు తెర నిర్మలంగా ఉంది. "మంచిగ కనిపిస్తున్నవ్ నాయినా, గడ్డం గూడ కనిపిస్తుంది" అంది బిడ్డ. బాపు పాడాడు. అవ్వ ఆయన ముఖాన్ని రెప్ప వెయ్యకుండా చూసింది. తెర మీదికి చెయ్యి తెచ్చింది. పాట అయిపోయినా ఏమీ అనలేదు. కన్నీళ్ళు కారిపోతున్నాయి. బిడ్డ ముద్ద పట్టుకుంటే తల తిప్పుకుంది. ఆ మరునాడూ అంతే.

మూడో పొద్దున నేను కాల్ కలపబోతుంటే, "ఆగు తమ్మీ" అన్నాడు. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, ఆ సన్న కన్ను మీద తానే పలచగా పెట్టాడు. పాట ముగిసింది. ఎర్రటి వెలుగులోకి చూస్తూ అవ్వ "పొద్దు" అంది. నోరు తెరిచి ముద్ద అందుకుంది.

ఇక అదే ఆయన నిత్యపూజ అయింది. వేలికి మిగిలిన కుంకుమను పక్కనున్న గోడకు రాసేవాడు. ఆయన కూర్చునే చోట గోడంతా ఎర్రటి మరకలు పడ్డాయి. ఒకరోజు నేను అడిగాను.

"బాపూ, అవ్వకు నీ మొఖం కనపడదు గదా. మనసుల ఏమనిపించదా?"

"నా మొఖంల ఏమున్నది తమ్మీ, బొగ్గు తప్ప?" అని నవ్వి, కుంకుమ వేలు గోడకు రాస్తూ అన్నాడు. "నేను చీకట్లకు దిగెటప్పుడు దినాం ఆమె నాకు పొద్దు చూపెట్టింది. లేని పొద్దును గూడ చూపెట్టింది. ఇప్పుడు ఆమె చీకట్ల ఉన్నది. ఇది నా వంతు."

మా హనుమంతుడికి తరతరాలుగా పూసిన సిందూరం పొరలు కట్టి ఉంది. కన్నెక్కడో ముక్కెక్కడో పూజారికి కూడా తెలియదు. అయినా ఆ ఎరుపు ముందు నిలబడే మేము మా బాధలన్నీ చెప్పుకుంటాం. ముఖం చూపించమని ఎవరమూ అడగలేదు. ఆ రోజు గుడి మూసి ఇంటికి పోతూ నేను ఈ మాటే తలుచుకున్నాను.

కొన్ని నెలలకు బాపుకు దగ్గు ముదిరింది. ఒకనాడు ఊపిరి సలపకుండా దగ్గి, గోడకు ఆనుకుని, తన రొమ్మును తానే కణుపుతో కొట్టుకుని విన్నాడు. నావైపు చూశాడు.

"డొల్ల పలుకుతుంది తమ్మీ. కప్పు దిగుతది."

దవాఖానకు తీసుకుపోయాం. మందులు ఇచ్చారు, వేసుకున్నాడు. పాట మాత్రం మానలేదు. ఒక పొద్దున బిడ్డ నాకు ఫోను చేసి, "అన్నా, నాయిన ఇంకా కాల్ చెయ్యలే, జర చూడరాదు" అంది. నేను పోయేసరికి ఆయన తన చోటులోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఫోను హార్మోనియం పెట్టెకు ఆనించి ఉంది. దాని నుదుట బొట్టు తడిగా ఉంది. ఆయన వేలికి ఉన్న కుంకుమ ఇంకా గోడకు చేరలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

అంత దూరం ప్రయాణం అవ్వ తట్టుకోలేదని ఆమెను తీసుకురాలేదు. చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఫోను ఖరాబైందని, రిపేరుకు ఇచ్చిండని చెప్పారు. పాతది కొన్న ఫోను కనుక ఆ మాట నమ్మేటట్టుగానే ఉంది. బిడ్డ ఇక్కడ కర్మలు జరిపించి తిరిగి పోయింది. మందిరానికి సున్నం వేసే రోజున ఆ గోడ దగ్గర మద్దెల మామ అడ్డం నిలబడ్డాడు. "గీ జాగ ఇడిచిపెట్టుండ్రి" అన్నాడు పనివాళ్ళతో. వాళ్ళు ఎందుకని అడిగితే, "చెప్పిన పని చెయ్యుండ్రి" అని కసిరి ముఖం తిప్పుకున్నాడు.

భూపాలపల్లి పోయిన మరునాడే బిడ్డ ఫోను చేసింది.

"అన్నా, అమ్మ ముద్ద ముడుతలేదు. ఒక్కపాలి నువ్వు పాడు. నాయిన లెక్కనే బొట్టు పెట్టి పాడు. ఎర్రగ ఉంటది, అమ్మకు మనిషి తెల్వదు."

"చెల్లే, గది మోసం కాదా?"

"మోసమో ఏందో నాకు ఎరుక లేదన్నా. అమ్మ తింటలేదు."

హనుమంతుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను చదివిన ప్రతి పురాణమూ సత్యం తప్పవద్దనే చెప్పింది. ఆకలితో ఉన్నవారి నోటికి అన్నం అందించమనీ చెప్పింది. రెంటిలో ఏది ముందు అని అడిగాను. సిందూరం వెనక నుంచి నాకు జవాబేమీ రాలేదు. తప్పైతే నా మీదే ఉండనీ తండ్రీ అని మొక్కి లేచాను.

మరునాడు పొద్దున బాపు కూర్చున్న చోట కూర్చున్నాను. ఉంగరపు వేలితో ఫోను నుదుట బొట్టు పెట్టాను. కాల్ కలిసింది. అవ్వ దిండుకు ఆనుకుని ఉంది, చాలా చిక్కింది. పక్కన కంచం పట్టుకుని బిడ్డ. నేను హార్మోనియం ముట్టలేదు, ఆయన ముట్టేవాడు కాదు. ఆయన ఆగిన చోట్ల ఆగాను. ఆయన మింగిన చోట్ల మింగాను. అవ్వ కదలకుండా విన్నది. పాట అయిపోయింది.

"పొద్దు" అంది అవ్వ.

బిడ్డ అన్నం కలపబోయింది. అవ్వ పెదవులు మళ్ళీ కదిలాయి. ఆ రెండో మాట కోసం ఆమె ముఖమంతా కష్టపడింది.

"గూకింది."

బిడ్డ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్మా" అంది. అవ్వ ఆమె వైపు చూడలేదు. ఆ ఎరుపు వైపే చూస్తూ ఉంది. కంట నీరు లేదు. ఏదో ఇంకా మిగిలి ఉన్నదన్నట్టు ఎదురుచూస్తోంది.

పొద్దు గూకాక పాడేది మేలుకొలుపు కాదు. నేను హార్మోనియం దగ్గరికి లాక్కుని మంగళం ఎత్తుకున్నాను. భజన ముగిసేటప్పుడు హారతి ఇస్తూ పాడే పాట. ఈసారి నా గొంతుతోనే పాడాను. ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, వెనక నుంచి మామ మద్దెల మెల్లగా అందుకున్నాడు.

మంగళం ముగిసింది. అవ్వ ఎడమ చెయ్యి ఎత్తింది, ఆమెకు మిగిలింది ఆ చెయ్యే. ఎర్రగా వెలుగుతున్న తెర మీద అరచెయ్యి ఆనించి, రెండు కళ్ళకూ అద్దుకుంది. హారతి కళ్ళకద్దుకున్నాక మా మందిరంలో అందరం ప్రసాదానికి చెయ్యి చాస్తాం. అవ్వ ఆ చేతినే బిడ్డ వైపు చాచింది. బిడ్డ కంచంలోంచి ముద్ద తీసి అందులో పెట్టింది.